బ్రోచర్‌లోని ఐదు నిమిషాలు ఎవరివి?

నల్లగొండ బైపాస్ మీద గానీ, పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి జడ్చర్ల పోయే రోడ్డు మీద గానీ వెంచర్ బోర్డులు చదువుకుంటూ పోతే ఒకటి గమనిస్తాం. దూరాన్ని కిలోమీటర్లలో రాసేవాళ్లు తక్కువ. ‘మెడికల్ కాలేజీకి 5 నిమిషాలు’, ‘కలెక్టరేట్‌కు 3 నిమిషాలు’ అని రాస్తారు. ఆ నిమిషాలు కారువి, అదీ పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పటివి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఐదు నిమిషాలంటే మూడు కిలోమీటర్ల పైమాటే. అవే ఐదు నిమిషాల్లో ఒకటో తరగతి పిల్లవాడు నడిచేది 250 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ అయితే 200.

మొదటి ఇల్లు కొనేవాళ్లు ధర, వాస్తు, లింకు డాక్యుమెంట్లు, బ్యాంకు లోను చూసుకుంటారు. చూడాల్సిందే. అవన్నీ అయ్యాక ‘మంచి ఏరియానేనా, ఫ్యామిలీలు ఉంటాయా’ అని ఒక ప్రశ్న వస్తుంది. మంచి ఏరియా అంటే ఏమిటంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. ఆ ‘మంచి’లో కాలినడక వాటా ఎంత, దానికి మనం కట్టే ఖరీదు ఎంత అన్నది లెక్క వేసి చూడదగ్గ విషయం.

నడవదగిన చోటు అంటే దగ్గరి చోటు ఒక్కటే కాదు

పట్టణ ప్రణాళికలు వేసేవాళ్లు ఈ మాట వాడినప్పుడు మూడు సంగతులు కలిపి చూస్తారు. రోజూ పనిపడేవి దగ్గర్లో ఉన్నాయా? వాటికి తోవ సూటిగా ఉందా? ఆ తోవలో భయం లేకుండా నడవగలమా? మొదటిదాన్ని కొలవడం సులువు కాబట్టి అందరూ దాన్నే కొలుస్తారు. అమెరికాలో 2007లో మొదలైన వాక్ స్కోర్ అనే వెబ్‌సైట్ ఒక్కో చిరునామాకు 0 నుంచి 100 దాకా మార్కులు వేస్తుంది. దుకాణం, బడి, పార్కు లాంటివి 5 నిమిషాల నడకలో, అంటే సుమారు 400 మీటర్లలో ఉంటే పూర్తి మార్కులు. 30 నిమిషాలు దాటితే సున్నా.

అంతకన్నా చాలా ముందు, 1929లో, క్లారెన్స్ పెర్రీ అనే అమెరికన్ ప్లానర్ బస్తీకి కొలత బడే అన్నాడు. నడిమధ్యలో ప్రాథమిక పాఠశాల ఉండాలి, పెద్ద రోడ్లు అంచుల్లో ఉండాలి, బడికి పోయే పిల్ల పెద్ద రోడ్డు దాటకూడదు. మన విద్యాహక్కు చట్టం నియమాల్లోనూ ఈ ఆలోచన ఉంది: ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి.

‘మా పిల్లల్ని వ్యాను ఇంటి ముందే ఎక్కించుకుంటుంది, బడి దగ్గర ఉంటే ఎంత, దూరం ఉంటే ఎంత’ అనేవాళ్లున్నారు. న్యాయమైన మాటే. వ్యాను ఉన్న ఇంటికి బడి దూరం పెద్ద లెక్క కాదు. కానీ సాయంత్రం ట్యూషన్‌కు, ఆటకు, పెన్ను కొనడానికి, దోస్తు ఇంటికి వ్యాను రాదు. అప్పుడు ఆ పిల్లవాడికి బండి నడిపే పెద్దమనిషి ఒకరు తోడు కావాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక్కడే పోయి కొత్తిమీర కట్ట తేగలడా అన్నది నా దృష్టిలో ఏ వెబ్‌సైట్ మార్కులకన్నా నమ్మదగిన పరీక్ష.

మ్యాప్‌లో 300 మీటర్లు, కాళ్లకు కిలోమీటరున్నర

రెండో సంగతి, తోవ సూటిగా ఉండటం. పాలమూరులోనూ నల్లగొండలోనూ రైలు పట్టాలున్నాయి. ఒకటి సికింద్రాబాద్ నుంచి డోన్ పోయే లైను, ఇంకొకటి బీబీనగర్ నుంచి నడికుడి మీదుగా గుంటూరు పోయే లైను. పట్టాలకు అవతల ఇల్లు, ఇవతల బడి ఉన్నాయనుకుందాం. గీత గీస్తే 300 మీటర్లే. గేటు దాకా నడిచి, దాటి, మళ్లీ వెనక్కి రావాలంటే కిలోమీటరున్నర అవుతుంది. గేటు పడితే ఇంకో పది నిమిషాలు. ఆ తిప్పలు పడలేక జనం నేరుగా పట్టాల మీంచే దాటుతారు. పిల్లలూ అదే నేర్చుకుంటారు.

గేటు తీసేసి అండర్‌బ్రిడ్జి కట్టిన చోట ఇంకో చిక్కు ఉంది. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాననీటిలో ఒక స్కూలు బస్సు చిక్కుకుపోయింది. స్థానికులు పరుగెత్తుకొచ్చి పిల్లల్ని బయటికి తీశారు. వేసవిలో ప్లాటు చూడటానికి పోయినవాళ్లకు ఆ వంతెన కింద చల్లగా, హాయిగానే ఉంటుంది.

హైవే కూడా పట్టాల లాంటిదే, గేటు ఉండదంతే. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ మీదుగా రాయచూరు వైపు పోయేది 167వ జాతీయ రహదారి. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ వైపు పోయేది 565వది. వాటి ఒడ్డున ప్లాటుకు ‘హైవే ఫేసింగ్’ అని ఎక్కువ ధర చెప్తారు. దుకాణం పెట్టేవాడికి ఆ ధర సరైనదే. కాపురం ఉండేవాడికి మాత్రం ఎదురుగా కనబడే పాల కేంద్రం కూడా దూరమే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది కాలినడకన పోయేవాళ్లు. దాదాపు ఐదుగురిలో ఒకరు.

మూడో సంగతి ఫుట్‌పాత్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం నడిచే దారి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, రోడ్డుకన్నా 15 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మన పట్టణాల్లో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల మోరీ మీద వేసిన బండలే. వాటి మీద టిఫిన్ బండి, బండి పక్కన నాలుగు బైకులు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఖాళీ ప్లాట్ల మధ్య కిరాణం దుకాణం ఎందుకు రాదు

నల్లగొండ శివారులో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరులో బండమీదిపల్లి దగ్గర పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ 2016లో మొదలైంది. అక్కడి కొత్త కలెక్టరేట్ కూడా ఊరి బయటికే పోయింది, 2022 డిసెంబర్‌లో. ఇట్లా ఒక్కో ఆఫీసు, ఒక్కో కాలేజీ బయటికి జరిగినప్పుడల్లా దాని వెంబడి వెంచర్లు జరిగాయి. కొన్నవాళ్లలో చాలామంది ఇల్లు కట్టడానికి కొనలేదు. రేటు పెరిగితే అమ్ముదామని కొన్నారు.

ఒక వెంచర్‌లో 200 ప్లాట్లున్నాయి, ఇళ్లు 15 కట్టారు అనుకుందాం. ఒక్కో ఇల్లు నెలకు కిరాణంలో 5,000 ఖర్చు పెడుతుంది. నెల సరుకులు టౌన్‌లోనే తెస్తారు కాబట్టి అందులో దగ్గరి దుకాణానికి వచ్చేది వెయ్యి. 15 ఇళ్లకు 15,000 గిరాకీ. పది శాతం మిగిలితే 1,500. ఆ మడిగె కిరాయికి కూడా చాలదు. అదే 200 ఇళ్లూ నిండితే గిరాకీ రెండు లక్షలు, మిగులు 20,000. ఇంట్లోవాళ్లే కూర్చుని నడిపే దుకాణానికి అది సరిపోతుంది. దుకాణం, కూరగాయల బండి, ఇస్త్రీ డబ్బా, ఆటో అడ్డా, ఇవన్నీ జనం తర్వాత వచ్చేవి. రోడ్డు, స్తంభం, ఎంట్రన్స్ కమాన్ మాత్రమే జనం కన్నా ముందు వస్తాయి.

జనం లేకపోతే భద్రత కూడా ఉండదు. పాత బజార్లలో ఇంటి ముందు అరుగులు ఉండేవి. సాయంత్రం పూట వాటి మీద కూర్చున్న నలుగురు ఆడవాళ్లకు గల్లీలోకి కొత్త మనిషి ఎవరొచ్చినా తెలిసేది. కొత్త ఇళ్లకు నిలువెత్తు ప్రహరీ, ఇనప గేటు, పైన కెమెరా. పక్క ప్లాట్ల నిండా సర్కారు తుమ్మ. ఏడు దాటాక ఆ రోడ్డు మీద ఆడపిల్ల ఒక్కతే నడవాలంటే వీధిలైటు ఒక్కటే సరిపోదు.

అవతలి వాదన కూడా బలమైనదే. ‘ఇప్పుడు లేకపోతే ఏం, పదేళ్లలో అదే సెంటర్ అవుతుంది’ అంటారు. పాలమూరులో న్యూటౌన్ పేరే దానికి సాక్ష్యం. ఒకప్పుడు కొత్తది కాబట్టే ఆ పేరు పడింది, ఇప్పుడు దాన్ని శివారు అనేవాళ్లెవరూ లేరు. కాకపోతే ఆ పదేళ్లు ఎవరివన్నదే ప్రశ్న. ఇప్పుడు ఐదేళ్ల పిల్ల అప్పటికి పదో తరగతిలో ఉంటుంది. ఏరియా ఎదిగేసరికి పిల్ల కూడా ఎదిగిపోతుంది. పైగా అన్ని వెంచర్లూ న్యూటౌన్‌లు కాలేదు. హద్దురాళ్లు మట్టిలో కూరుకుపోయినవీ ఉన్నాయి.

ఎల్‌ఆర్‌ఎస్ కడితే పార్కు వస్తుందా?

ఇది చాలామంది తికమకపడే చోటు. డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ) ఆమోదం ఉన్న లేఅవుట్‌లో మొత్తం స్థలంలో 10 శాతం ఖాళీ జాగ వదలాలి. దాన్ని మున్సిపాలిటీకో పంచాయతీకో గిఫ్ట్ డీడ్ చేసి ఇవ్వాలి. పార్కు, ఆటస్థలం వచ్చేది ఆ జాగలోనే. ‘పంచాయతీ లేఅవుట్’ అని నోటి మాటగా అమ్మినవాటిలో ఇది ఉండదు. లేఅవుట్‌కు సొంతంగా ఆమోదం ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు.

అట్లా అనుమతి లేకుండా పడ్డ ప్లాట్లను క్రమబద్ధీకరించడానికి 2020 ఆగస్టు 31న జీవో 131తో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్) తెచ్చారు. ఆ సంవత్సరం ఆగస్టు 26కు ముందు రిజిస్టర్ అయిన ప్లాట్లకు అది వర్తిస్తుంది. 10 శాతం ఖాళీ జాగ వదలని చోట, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటారు. 2025లో ఫీజు మీద 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. ప్లాటు కాగితం సరవుతుంది, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి వస్తుంది, బ్యాంకు లోను ఇస్తుంది. కానీ ఆ గల్లీలో ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక పార్కుకు జాగ ఎక్కడిది? డబ్బు సర్కారుకు పోతుంది, పిల్లలు రోడ్డు మీదే ఆడతారు. కాబట్టి ‘ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది’ అన్న మాట ఇల్లు కట్టుకోవచ్చా అన్నదానికే జవాబు, అక్కడ పిల్లలతో బతకడం ఎట్లా ఉంటుందన్నదానికి కాదు.

చెరువు పక్కన వెంచర్ల సంగతి వేరు. 2012 భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం భూములకు 9 మీటర్లు వదలాలి. ‘లేక్ వ్యూ’ అనే మాట ఆ గీతకు ఏ పక్కన ఉందో రెవెన్యూ మ్యాపు చెప్తుంది, బ్రోచర్ చెప్పదు.

వెడల్పు రోడ్డు మంచిదా, ఇరుకు గల్లీ మంచిదా?

వెంచర్‌లో 40 అడుగుల రోడ్డు, 60 అడుగుల రోడ్డు అంటే గొప్ప. అంబులెన్స్ వస్తుంది, ఫైరింజన్ తిరుగుతుంది, వాటర్ ట్యాంకర్ లోపలికి వస్తుంది. పాత బజార్లలోని పదడుగుల గల్లీల్లో ఇవేవీ కుదరవు. ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉంటే ఆ ఒక్క కారణానికే కొందరు గల్లీ వదిలి బయటికొచ్చారు. వాళ్లది తప్పని ఎవరంటారు?

రోడ్డు వెడల్పయితే బండి వేగం పెరుగుతుంది. మనుషులు, వాహనాలు కలిసి తిరిగే వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. ఇరుకు గల్లీలో ఆ పని గల్లీయే చేస్తుంది. సీసీ వేసిన తిన్నటి 40 అడుగుల రోడ్డు మీద కుర్రాడి బైకు 60లో పోతుంది. కాలనీవాళ్లు తలా ఇంత వేసుకుని స్పీడ్ బ్రేకర్ పోయించుకుంటారు. అది ఎంత ఎత్తు పోస్తారంటే నాయనమ్మ కూర్చున్న ఆటో దాని మీద ఎగిరిపడుతుంది.

పిల్లలు ఆడుకోవడానికి అన్నిటికన్నా మంచి వీధి ముందుకు తోవ లేని వీధి. ఆ చివర ఉన్న ఇళ్లకు తప్ప ఎవరికీ అటు పనుండదు కాబట్టి బండ్లు తిరగవు. తమాషా ఏమిటంటే, ఆ చివర వీధికి ఎదురుగా నిలబడే ప్లాటునే వీధిపోటు అని జనం వద్దంటారు, ధర తగ్గించి అమ్ముతారు. వాస్తు పట్టింపు లేనివాళ్లకు అక్కడ బేరం కుదరొచ్చు. మళ్లీ అమ్మాల్సి వచ్చినప్పుడు కొనేవాడికి పట్టింపు ఉంటే, ఆ తగ్గింపు మనమూ ఇవ్వాల్సి వస్తుంది.

వాక్ స్కోర్‌కు తెలియని మే నెల

నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు 400 మీటర్లు అంటే 400 మీటర్లు కాదు. నేను రామగిరిలో కిరాయికి ఉన్నప్పుడు దుకాణానికి రెండు తోవలుండేవి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఎండాకాలం అందరూ దూరం తోవనే పోయేవాళ్లు, ఆ పక్క రెండు వేపచెట్లు, ఒక కానుగ ఉండేవి. కొత్త వెంచర్‌లో నాటిన మొక్క నీడనివ్వడానికి ఏళ్లు పడుతుంది. ఇరుకు గల్లీకి ఇంకో సుగుణం ఇదే, పక్కింటి గోడ నీడ రోడ్డంతా పరుచుకుంటుంది.

పిల్లలున్న ఇంటికి నడక కన్నా ముందు అడగాల్సింది నీళ్లు. నల్లగొండ జిల్లా పేరు ఫ్లోరైడ్‌తో ముడిపడిపోయింది. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన) సంస్థ పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. మన పేరు పుస్తకాల్లోకి ఎక్కిన తీరు అది. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా. మిషన్ భగీరథ నల్లా వచ్చే గల్లీకీ, ఇంకా బోరు మీదే బతికే శివారు వెంచర్‌కూ తేడా ఇక్కడుంది. బోరు నీళ్లు తాగలేక క్యాన్ కొనుక్కుంటే అది కూడా నెల ఖర్చులో పడుతుంది.

ఇక కుక్కలు. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, చాలా ఇళ్లలో పిల్లల్ని ఒంటరిగా పంపకపోవడానికి లారీకన్నా కుక్కల గుంపే ఎక్కువ కారణం. చెత్త కుప్ప, మాంసం దుకాణం, ఖాళీ ప్లాటు మూడూ ఒకేచోట కలిస్తే అక్కడ గుంపు ఉంటుంది. శివారుకైనా, పాత బస్తీకైనా ఇది ఒకటే.

ఒక కుటుంబం లెక్క

మహబూబ్‌నగర్‌లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ అనుకుందాం. భార్యది ఉద్యోగం, భర్తది టౌన్‌లో మొబైల్ దుకాణం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. వాళ్లముందు రెండు ఇళ్లున్నాయి. ఊరికి 5 కిలోమీటర్ల దూరంలో కొత్త ఇల్లు 38 లక్షలు. టౌన్ లోపలి కాలనీలో జాగ తక్కువున్న పాత ఇల్లు 46 లక్షలు. ధరలు ఊహించినవే, లెక్క తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే.

తేడా 8 లక్షలు. దాన్ని 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోనులో పెడితే నెలకు 6,940 ఈఎంఐ పెరుగుతుంది.

ఇప్పుడు దూరం ఇంటి రవాణా ఖర్చు. ఇద్దరు పిల్లల వ్యానుకు 2,400. భార్య స్కూటీ రోజుకు 12 కిలోమీటర్లు, భర్త బైకు నాలుగు తిరుగుళ్లకు 20 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు. లీటరుకు 45 కిలోమీటర్లు, పెట్రోలు 108 అనుకుంటే ఇద్దరికీ కలిపి 2,000. పాలకు, మందులకు, మర్చిపోయిన ఉప్పు ప్యాకెట్‌కు తిరిగే పెట్రోలు 380. రెండో బండి కొన్న ధరను ఎనిమిదేళ్లకు పంచి, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలిపితే నెలకు 1,540. పెద్దావిడ గుడికి, దవాఖానకు నెలలో నాలుగుసార్లు ఆటో, 800. మొత్తం 7,120. టౌన్ ఇంట్లో ఉన్నా పెట్రోలుకు 600 అవుతుందనుకుంటే అసలు తేడా 6,520.

అంటే 8 లక్షలు చవక అనుకున్న ఇల్లు నెలకు 420 రూపాయలు మాత్రమే చవక. లెక్క ఇక్కడితో ఆపితే టౌన్ ఇల్లే నయం అనిపిస్తుంది. కానీ అవతల కూడా రాసుకోవాల్సినవి ఉన్నాయి. లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే బ్యాంకు ఇచ్చేది ఇంటి విలువలో 80 శాతం దాకానే, మిగతాది చేతి నుంచి పెట్టాలి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కాబట్టి 8 లక్షల మీద ఇంకో 60,000 పడుతుంది. ఆ పైకం చేతిలో లేనివాళ్లకు నెల లెక్క ఎంత బాగున్నా లాభం లేదు. పిల్లలు పెద్దయితే వ్యాను ఖర్చు ఆగిపోతుంది, ఈఎంఐ మాత్రం 20 ఏళ్లూ ఉంటుంది. మరోవైపు వడ్డీ రేటు మారకపోతే ఈఎంఐ పెరగదు, పెట్రోలు పెరుగుతుంది. దూరం ఇంటికి జాగ ఎక్కువ, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. పాత ఇంటికి రిపేర్లుంటాయి. కాగితం మీద ఏ ఇల్లూ గెలవదు.

ఈ లెక్కలో రాయనిది ఒకటుంది, పెద్దావిడ రోజులు. టౌన్ ఇంట్లో ఆమె సాయంత్రం గుడిదాకా తానే నడిచిపోయి వస్తుంది. దూరం ఇంట్లో నెలకు నాలుగుసార్లు, అదీ కొడుకు ఆటో మాట్లాడిన రోజునే. మిగతా 26 రోజులు టీవీ ముందు. దీన్ని రూపాయల్లోకి మార్చే పద్ధతి నాకు తెలియదు.

‘ఫ్యామిలీ ఏరియా’ అన్న మాటలో దాగినది

టీచర్స్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ అన్న పేర్లు ప్రతి పట్టణంలో వినబడతాయి. ఒకే తరహా ఉద్యోగులు కలిసి జాగ కొనుక్కుని కట్టుకున్నవి. పిల్లలకు చదువుకునే దోస్తులు దొరుకుతారని అందరికీ వాటి మీద మోజు. అయితే ‘ఫ్యామిలీలు ఉండే ఏరియా’ అన్నప్పుడు కొందరి మనసులో ఉండేది ఫలానా కులంవాళ్లో, ఫలానా మతంవాళ్లో లేని ఏరియా. ఆ మాట బయటికి అనరు, బ్రోకర్‌కు అర్థమవుతుంది. పాత బజార్లలో దర్గా, గుడి, హోటల్ ఒకే చౌరస్తాలో ఉంటాయి, రాత్రి పది దాకా జనం తిరుగుతారు. నడిచేవాళ్లకు ఆ కలగలుపే ధైర్యం. ఏరియా ‘ప్రశాంతంగా’ ఉండటం, పిల్ల ఒక్కతే నడవగలగడం ఎప్పుడూ ఒకటే కావు.

కొనేముందు అదే కాలనీలో కొన్నాళ్లు కిరాయికి ఉండి చూసేవాళ్లు ఈ మధ్య కనబడుతున్నారు. వానకు ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, రాత్రి ఎనిమిదికి రోడ్డు ఎట్లా ఉంటుంది అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇల్లు మారే ఖర్చు రెండుసార్లవుతుంది, ఈలోపు రేటు పెరుగుతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది. ఇంకో చిన్న ఇబ్బంది కూడా ఉంది. మన దగ్గర కిరాయి అగ్రిమెంట్లు మామూలుగా పదకొండు నెలలకే రాసుకుంటారు. బడులు తెరిచే జూన్‌లో దిగితే అగ్రిమెంట్ ఏప్రిల్ ఆఖరుకు అయిపోతుంది. మే నెల చూడకుండానే.